ఎడమచేతి ముడి

ఇరవయ్యారేళ్లుగా నేపుల్స్‌లో వండుతున్నా, ఎండుచేప కంపుకి నాకింకా కడుపులో తిప్పుతుంది. అసుంతక్క చేపల కొట్టుకి ముక్కు దగ్గర నిమ్మతొక్క పట్టుకునే వెళ్తాను.

"వచ్చిందమ్మా మహారాణి!" అంది అసుంతక్క. "నీ హోటల్‌కి జనం ఎగబడేది ఈ చేప కోసమే. నువ్వేమో నోట పెట్టవు!"

"ఛీ! ఈ కంపు పడకే కదా నార్వేలో ఇల్లొదిలి వచ్చేశాను."

"మరి నేను నానబెట్టినవి పట్టుకుపోరాదూ? ఏటా క్రిస్మస్ సరుకు రాగానే వచ్చి, ఎండుచేపలన్నీ నువ్వే తిరగేస్తావు. ఆ తోకల్లో ఏముందే రాగ్నా?"

వాంతి ఆపుకుంటూ మూటంతా తిరగేశాను.

ఈ చేపలు మా ఊరివే. రెండేసి తోకలు పురికొసతో కట్టి ఆరేస్తారు. అక్కడ ఎడమచేత్తో, మెలిక ఎదురువైపు తిరిగేలా ముడేసేది మా నాన్న ఒక్కడే. పోట్లాడి వచ్చేశాక మా మధ్య ఉత్తరాల్లేవు. ఏటా ఆ ముడి కనబడగానే, ముసలాడు బతికే ఉన్నాడని తిట్టుకుంటూ వెళ్లిపోయేదాన్ని.

ఈ ఏడు అన్నీ కుడిచేతి ముళ్లే.

నిమ్మతొక్క ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు.

"ఇంకో మూట విప్పక్కా" అన్నాను.