ఒక్క దిండుకు సరిపడా వంపు

"కదలకు, కొలత తప్పుతుంది," అంటూ సైన్‌బోర్డులు చేసే ఆయన మంచంలో ఉన్న భార్య కళ్ల ఎత్తుకు స్కేలు పట్టాడు.

"కదిలే ఓపికుంటే మీకీ పని ఎందుకు చెబుతాను?"

ఆమె పడుకుని చదువుకునేందుకు గాజులా కనిపించే అక్రిలిక్ ప్లాస్టిక్ షీటు వంచి పుస్తకం స్టాండు చేసిచ్చాడు. అప్పుడామె తల కింద మూడు దిండ్లు ఉండేవి. మెడ నిలవక రెండయ్యాయి. ఈ వారం ఒక్కటే. తల దిగిన ప్రతిసారీ వంపు మార్చాలి. డాక్టరు వాన కబురు చెప్పినంత తేలిగ్గా "ఇంకో నెల" అన్న సంగతి, ఆయనా కూతురూ ఆమె చెవిన పడనివ్వలేదు.

మంచం పక్క బల్ల మీద, కరెంటుతో ఎర్రగా కాలుతున్న తీగకు కాస్త పైగా స్టాండు పాత వంపును పట్టాడు. షీటు మెత్తబడి, తనంతట తానే విచ్చుకుని చదునైపోయింది.

"చూశావా దీని మొండితనం! కాస్త సెగ తగిలితే చాలు, వెల్లకిలా పడుతుంది."

"ఇక వంచకండి. అలాగే ఉంచండి."

"మరి పుస్తకం?"

"చదివింది చాలు. నా ఫొటోకి అద్దం కావాలిగా. గాజైతే మీ చేతిలో బతకదు."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "పిల్ల చెప్పిందా?"

"అదెందుకు చెబుతుంది? దిండ్లు చెప్పాయి."

ఆయన షీటును మళ్లీ సెగకు పట్టి, ఒక్క దిండు కొలతకే వంచి, రెండు చేతులా పట్టుకున్నాడు. రెండు నిమిషాలు పట్టుకుంటే చాలు. అది బిగుసుకుని చాలాసేపైనా వదల్లేదు.

"చల్లారిపోయిందండీ," అంది భార్య. "ఇక వదిలెయ్యండి."