టకటక

మళ్ళీ మొదలైంది. టక్. టకటక. టక్.

మంచం మీద అతను పళ్ళు నూరాడు. తొడ నుంచి పాదం దాకా కట్టు. ఇంకా మూడు వారాలు కదలకూడదన్నాడు డాక్టరు. లేచి వెళ్ళి ఆ పెట్టెను నేలకేసి కొట్టే వీలు లేదు.

పక్కగదిలో భార్య కీబోర్డు వాయిస్తోంది. మేనకోడలు వాడి వదిలేసిన పాతది. పాట వింటే తలనొప్పి అని అతనంటే, ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. అప్పటి నుంచి పాట ఆమెకు, మీటల చప్పుడు అతనికి.

చేతికర్రతో గోడ మీద కొట్టాడు. నాలుగో దెబ్బకు ఆమె వచ్చింది.

"అది వాయించడమా, మేకులు దిగ్గొట్టడమా?"

"మీటల కింద మెత్త అరిగిపోయిందండీ. పాతది కదా."

"ముప్పయ్యేళ్ళు నోరెత్తలేదు. ఇప్పుడు చేతుల్తో వాగుతున్నావు."

అతను రిటైరైన స్టోర్‌కీపరు. తాళం వేసి మూడుసార్లు లాగి చూడందే అడుగు కదపని మనిషి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఇంటికీ బయట తాళం వేసుకునే వెళ్ళేవాడు. "ఒంటరి ఆడది, రోజులు బాలేవు" అనేవాడు. కాలు విరిగాక తాళంచెవి అతని దిండు కిందికి చేరింది. కూరలకు వెళ్తూ బయట తాళం వేయడానికి ఆమె అడిగి తీసుకోవాలి. గడియారం చూసి ఇస్తాడు. గడియారం చూసి పుచ్చుకుంటాడు.

చివరికి తనే ఫోన్ చేసి మెకానిక్‌ను పిలిపించాడు.

మధ్యాహ్నం వచ్చిన మెకానిక్ గదిలోకి తొంగిచూశాడు.

"సౌండు రావట్లేదాండీ?"

"వస్తోంది. అదే రోగం. మీట నొక్కితే నాకు వినబడకూడదు."

"అందరూ సౌండు రప్పించమని పిలుస్తారండీ. పోగొట్టమన్నది మీరొక్కరే."

"వాగుడాపి పని చూడు. ఆ తలుపు దగ్గరగా వేసి పో."

తలుపు అవతల స్క్రూలు తిరిగిన చప్పుడు. గుసగుసగా మాటలు. ఏదో బరువు జరిపినట్టు చప్పుడు. వీధి తలుపు తెరిచి మూసిన చప్పుడు.

కాసేపటికి ఆమె వచ్చింది. మంచం పక్క స్టూలు మీద రెండు సీసాల నీళ్ళు, మాత్రలు, బిస్కెట్ల డబ్బా, ఫోను పెట్టింది. అన్నీ చేతికందేలా జరిపింది. అతని తల ఎత్తి, దిండు తీసి దులిపి మళ్ళీ సర్దింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందండీ. ఇక మీకు ఆ చప్పుడు వినబడదు."

"చూస్తాగా."

"సాయంత్రం మీ చెల్లెలు వస్తానంది."

"దాన్నెవరు రమ్మన్నారు?"

"నేనే." తలుపు దగ్గర ఆగింది. "గోడ కొట్టకండి. నాకు వినబడదు."

వెళ్ళి తలుపు మూసింది.

అతను చెవులు రిక్కించి పడుకున్నాడు. ఐదు నిమిషాలు. పది. ఒక్క టక్ లేదు. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే నిద్రపట్టింది.

లేచేసరికి టీ వేళ దాటిపోయింది. పిలిచాడు. గోడ కొట్టాడు. గొంతు పోయేలా అరిచాడు.

"హెడ్‌ఫోన్ల మహారాణి!"

కట్టు లోపల దురద. చేతికర్ర జారి దొర్లుకుంటూ గుమ్మం దాకా పోయింది. దాన్నే చూస్తూ పడుకున్నాడు. కిటికీలో ఎండ గోడెక్కింది. ఒక్క టక్ వినబడితే బావుండునని మొదటిసారి అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఫోను మోగింది. మెకానిక్.

"ఒప్పుకున్నానయ్యా, పనంటే నీదే!" అన్నాడు అతను. "మధ్యాహ్నం నుంచి చీమ చిటుక్కుమనలేదు."

"నా పని మీరెక్కడ చూశారండీ, కీబోర్డు కొట్టుకు పట్టుకెళ్ళి బాగుచేసి ఇప్పుడే మీ గుమ్మం ముందుకు తెచ్చాను, చూస్తే తలుపుకు బయట తాళం వేసి ఉంది!"