పందెంలో ఇచ్చిన మాట

పడవ పందెం మొదలవడానికి కాస్త ముందు కరుణాకర్ రావుకు కబురు అందింది. ముస్తాబాద్ దగ్గరి ఊళ్లో ఉన్న తండ్రిని రాత్రి నక్సలైట్ అన్నలు అడవిలోకి తీసుకుపోయారు. ఏ సంగతైనా మధ్యాహ్నం ఫోన్ చేసి చెబుతానన్నాడు బావ. ఆ ఫోన్ ఉన్న బోట్ క్లబ్ పుణె నగరానికి అవతలి కొసన, పందెం ముగిసే రేవులోనే ఉంది.

పడవలో వెనక కూర్చున్న జలపతిదీ అదే ఊరు. కాలేజీలో ఇద్దరిదీ ఒకే గది. జలపతి తమ్ముడు దళంలో ఉన్నాడని ఊరందరికీ తెలుసు.

వంతెనల మీద జనం ఈలలు వేస్తున్నారు. కరుణాకర్ తెడ్డు మాటిమాటికీ లయ తప్పుతోంది.

“జలపతీ, మా బాపును ఏం జేస్తరురా?”

“ఏం జెయ్యరు. నాలుగు మాటలు అడిగి తోలిస్తరు.”

“మీ తమ్ముడుంటడు గదరా ఆడ. అడ్డం పడ్తడా?”

వెనక తెడ్డు ఒక్క క్షణం ఆగింది.

“పడ్తడు. మీ బాపు మీద చెయ్యి పడనియ్యడు. నువ్వు తెడ్డెయ్యి, ఆపకు.”

ఆ మాట పట్టుకుని కరుణాకర్ నగరం దాటేదాకా పిచ్చివాడిలా తెడ్డు వేశాడు. ఎన్నోవాళ్లుగా వచ్చారో కూడా చూసుకోకుండా ఒడ్డుకు దూకి క్లబ్బులోకి పరుగెత్తాడు.

ఫోన్ మోగింది. తండ్రిని విడిచిపెట్టారు. క్షేమంగా ఇల్లు చేరాడు.

కరుణాకర్ ఏడుస్తూ, వెనకే వచ్చిన జలపతిని కౌగిలించుకున్నాడు. “మీ తమ్ముడే ఇడిపించిండురా!”

జలపతి మెల్లగా విడిపించుకుని ఫోన్ అందుకున్నాడు.

“వాణ్ని మొన్ననే పోలీసోళ్లు కాల్చేసిండ్రు. శవమన్న ఇచ్చిండ్రో లేదో, మా అవ్వను అడగాలె.”