తలకెత్తే చేతులు

నూజివీడు మామిడి బుట్టలు రైలెక్కిన పాత స్టేషన్‌ను హైస్పీడ్ రైళ్ల కోసం కూలుస్తున్నారు. తెల్లదొరలు కట్టించిన పార్శిల్ గది ఒక్కటే మిగిలింది.

"రేపు అదీ తీసేస్తారు. లోపలికెళ్లకండి, సరోజమ్మా," అని చెప్పి సూపర్‌వైజర్ సందీప్ బండెక్కి వెళ్లిపోయాడు. కాపలాకి సరోజ ఒక్కతే ఉంది.

వయసులో ఉండగా ఆమె బుట్టలు మోసింది ఆ గదిలోంచే. మొగుడు అప్పారావు ప్రతి బుట్టనీ అరచేత్తో తట్టి చూసి గానీ ఆమె తలకెత్తేవాడు కాదు. లోపల గడ్డి వదులై కాయ కదులుతుంటే ఆ చప్పుడులోనే తెలిసిపోయేది. అతను పోయి చాలా ఏళ్లయింది.

చీకట్లో, గదిలోంచి బుట్టను తట్టిన చప్పుడు వినిపించింది.

సరోజ లోపలికెళ్లి టార్చి వేసింది. ఖాళీ గది. ఒక్క గడ్డిపరకైనా లేదు.

మళ్లీ అదే చప్పుడు. ఈసారి ఆమె పక్కనే.

టార్చి ఆర్పేసింది. కొంగును చుట్టకుదురులా చుట్టి నెత్తిన పెట్టుకుని, అప్పట్లాగే కాస్త వంగి నిలబడింది.

"ఎత్తు మావా," అంది. "రేపట్నుంచి ఈ గది ఉండదంట."

నెత్తి మీదికి మెల్లగా బరువు దిగింది. బుట్ట అంచు పట్టుకుందామని చేతులు పైకెత్తింది.

అంచు కంటే ముందు ఆమె చేతులకి వేళ్లు తగిలాయి.