అమ్మ కొట్టించిన పేరు

వీధిలో అందరి వంటిళ్లలోనూ మిలాన్‌లో గీసి చైనాలో పోతపోసిన గిన్నెలే. హైమావతి మాత్రం కాపురానికొచ్చినప్పుడు అమ్మ ఇచ్చిన స్టీలు గిన్నె వదల్లేదు. దాని మీద చుక్కలు చుక్కలుగా ‘చి. హైమావతికి, అమ్మ’ అని కొట్టించి ఉంది. కొట్టినవాడి చెయ్యి జారి చివరి అక్షరం వంకరపోయింది. పోయిన వేసవిలో మాట్లాడే పొయ్యి అమర్చడానికొచ్చిన ఆ గిన్నెల కంపెనీ అమ్మాయి ముచ్చటపడి దాన్ని ఫొటో తీసుకుంది.

ఇవాళ పక్కింటి సుభద్ర కొత్త గిన్నె చూపించింది. అవే చుక్కలు, అదే వంకర.

“అది నా పేరు సుభద్రా. మా అమ్మ కొట్టించింది.”

“ఊరుకో వదినా, మిలాన్ డిజైనట. ఊరంతా ఇవే కొన్నారు. అక్షరాలెవరు చదువుతారు, అందానికి గానీ.”

హైమావతి ఇంటికొచ్చి, తన గిన్నెలో పాలు పోసి పొయ్యి మీద పెట్టింది. పొయ్యి వెలగలేదు.

“ఇది నకిలీ గిన్నె అమ్మా,” అంది మర్యాదగా. “అసలుది తెప్పించమంటారా?”