తెగని తీగ

రాయదుర్గం బస్టాండు ఎదుట తిప్పేస్వామి స్పేర్ పార్టుల అంగడి షట్టర్ ఎత్తేసరికి ఈరప్ప మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతి మీద తువ్వాలు. టైం తొమ్మిదిన్నర.

"తీగ కావాలన్నా. తెగనిది."

"యా బండికప్పా?"

"బండికి కాదు. మిషన్‌కు."

నిన్న తాను కూలికి పోయే జీన్స్ షెడ్డులో తీగ తెగింది. పైకెత్తిన బట్టల కట్ట జారి సూపర్‌వైజర్ పాదం మీద పడింది. "రేపు పదకొండింటికి నా ఎదురుగా యాభై కట్టలు ఎత్తాల. ఒక్కటి జారినా నువ్వు ఇంటికే" అన్నాడాయన.

తిప్పేస్వామి లావుపాటి తీగ చుట్ట బల్ల మీద వేశాడు. "ఇది తీస్కపో. ఏనుగును కట్టినా తెగదు."

ఈరప్ప ఒక కొసను చెప్పు కింద తొక్కిపెట్టి, రెండో కొస పట్టుకుని వంచాడు. తీగ వంగినచోటే నిలిచిపోయింది.

"మొండిదన్నా ఇది. నాలుగు దినాలకు తెగుతాది."

"దినానికి ఎన్నిసార్లు వంగల్ల నీకు?"

"వెయ్యి. పని ఎక్కువుంటే రెండు వేలు."

"అది మిషనా, దయ్యమా?"

టీ అమ్మే బయమ్మ గ్లాసు అందించింది. ఈరప్ప తీగ కింద పెట్టి గ్లాసు అందుకున్నాడు. తాగి, గ్లాసు పెట్టి, మళ్లీ తీగ తీసుకున్నాడు.

రెండో రకం సన్నది. ఇరవైసార్లు వంచితే ఒక పోగు పైకి లేచింది.

"వద్దు. పోగు లేస్తే గుచ్చుకుంటాది."

తిప్పేస్వామి నవ్వాడు. "మిషన్‌కు నొప్పేముందప్పా?"

ఈరప్ప నవ్వలేదు. గోడ గడియారం చూశాడు. పది దాటింది.

తిప్పేస్వామి గొణుగుతూ అడుగు సొరుగు లాగాడు. ఏడు పేటల తీగ. పేటకు పంతొమ్మిది పోగులు. ఒక్కో పోగు వెంట్రుకంత. ఈరప్ప కొసను గోటితో విప్పి లెక్కపెట్టాడు. చెప్పు కింద పెట్టి యాభైసార్లు వంచాడు. వదిలితే తిన్నగా అయింది. పోగు లేవలేదు.

"ఇదే. మూడడుగులు కొయ్యి."

"కోసినంక వాపసు తీసుకోను. ముందే చెప్తాండా. బిగించేది వచ్చునా నీకు? మిషన్ యాడుందో చెప్పు, నేనే వచ్చి బిగిస్తా."

"నువ్వు వచ్చే పనిలేదన్నా. ఈడికే తెచ్చినా."

తిప్పేస్వామి బయటికి తొంగి చూశాడు. ఆటో లేదు, తోపుడు బండి లేదు.

ఈరప్ప తువ్వాలు తీసి, తెగిన తీగ వేలాడుతున్న ఎడమ చేతి ఇనుప వేళ్లను బల్ల మీద పెట్టాడు.