పొడి అగ్గిపెట్టె

“అగ్గిపెట్టె ఎవరి దగ్గరున్నదే?”

అండాలమ్మ గొంతు ఎల్బీనగర్ చౌరస్తా అంతా మోగింది. ఎవరికి వాళ్లు సంచులు తడుముకున్నారు.

సకల జనుల సమ్మె రోజులవి. నడిరోడ్డు మీద వంటావార్పు. మూడు రాళ్ల పొయ్యి, ఎండు కట్టెలు, గంగాళంలో ఎసరు అన్నీ సిద్ధం. చుట్టూ నలభై మంది ఆడవాళ్లు. మగవాళ్లంతా దిల్‌సుఖ్‌నగర్ నుంచి ర్యాలీగా బయలుదేరారు. వాళ్లొచ్చేసరికి ఎసరు మరగాలి. తీరా చూస్తే అండాలమ్మ కొంగున కట్టుకొచ్చిన అగ్గిపెట్టె, బిందె ఒలికి ముద్దయిపోయింది. ఇళ్లల్లోకి గ్యాస్ లైటర్లు వచ్చాక అగ్గిపెట్టె వెంట తెచ్చేదెవరు? కొందామంటే దుకాణాలన్నీ బంద్, దారి ఆపినందుకు మండిపడుతున్న లారీ డ్రైవర్లు ఇచ్చేలా లేరు.

“పొయ్యే ఎలగలేదు, గిదేం వంటావార్పమ్మా?” బందోబస్తుకొచ్చిన ఎస్సై నవ్వాడు. “పది నిమిషాలు చూస్త. ఆ తర్వాత బండ్లు ఇడుస్త.”

వెనకాల లారీల హారన్లు ఒక్కసారిగా మోగాయి.

ఆ ఆడవాళ్ల గుంపులో మగాడన్నవాడు బ్రహ్మం ఒక్కడే. ట్రాలీ ఆటోలో తెచ్చిన కట్టెలు దింపడానికి ఆగిపోయాడు. అగ్గిపెట్టె కూడా అతని దగ్గరే ఉంది. ప్యాంటు దొంగజేబులో, సిగరెట్ పెట్టె పక్కన.

తీస్తే పొయ్యి వెలుగుతుంది. దాంతోపాటు కొంపా అంటుకుంటుంది.

ఐదు వారాల కిందట మూసారాంబాగ్ దవాఖానలో డాక్టరు ఎక్స్‌రేను లైటుకు ఎత్తి చూపించాడు. రూపాయి బిళ్లంత మచ్చ. “పరీక్షలు ఇంకా చెయ్యాలి. ముందు సిగరెట్ బంద్ కావాలి. ఒక్కటి కూడా వద్దు” అన్నాడు, బ్రహ్మం కళ్లలోకి సూటిగా చూస్తూ.

“నాకేమైంది సార్? గుండ్రాయిలెక్క ఉన్న.”

డాక్టరు ఎక్స్‌రేను మళ్లీ పెద్ద కవర్లో పెట్టాడు.

ఆ సాయంత్రమే భార్య అంజమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఇరవయ్యారేళ్ల అలవాటు. చంపాపేటలో ఒంటిగది కిరాయి ఇల్లు, దోమలకు జడిసి కిటికీలు మూసుకుని మంచం మీదే కాల్చిన మనిషి. రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు తను పనిచేసే చీరల దుకాణంలో మడత పెట్టిన చీరనే మళ్లీ మడత పెట్టాడు, గిరాకీ మీద అరిచాడు. నాలుగో రోజు నుంచి పొద్దున బాత్రూంలో ఒకటి, సాయంత్రం దుకాణం వెనక ఒకటి. ఆపైన వాసన తెలియకుండా రెండు యాలకులు. ఒట్టు తప్పితే ఏమవుతుందట, అంతా ఉత్తదే అని సర్దిచెప్పుకున్నాడు. అంజమ్మ మాత్రం “మా ఆయన మానిండు” అని వాడంతా చెప్పుకుని మురిసిపోయింది.

“ఐదు నిమిషాలే!” ఎస్సై చేతి గడియారం చూపించాడు.

ముందు లారీ ఇంజను గుర్రుమంది. ఆడవాళ్లలోంచి అంజమ్మ పరుగున వెళ్లి దానికి అడ్డంగా నిలబడింది. “జర ఆగుండ్రి! ఎలిగిస్తం!” పొద్దుట్నుంచి నినాదాలిచ్చీ ఇచ్చీ ఆమె గొంతు బొంగురుపోయింది.

“బ్రహ్మంగారూ, మీరన్నా వెతకండీ!” పక్కింటి హనుమాయమ్మ కందిపప్పు గిన్నె పట్టుకుని కంగారు పడుతోంది. “మాది గుంటూరే అనుకోండి, అయినా పొయ్యి వెలక్కపోతే నాకే తలకొట్టేసినట్టుంటుంది.”

డప్పులు దగ్గర పడ్డాయి. బ్రహ్మం ఇక ఆగలేకపోయాడు. డివైడర్ పక్కకు వంగి, చెయ్యి పైకెత్తి గట్టిగా అరిచాడు.

“ఇగో! దొరికింది! ఎవరో పారేసుకున్నరు!”

ఆడవాళ్లు కేకలు పెట్టారు. పుల్ల గీశాడు. కట్టెలు భగ్గుమన్నాయి. “జై తెలంగాణ!” అన్న అరుపుకు లారీ ఇంజను దానంతటదే ఆగిపోయింది. ఎస్సై తల అడ్డంగా ఊపుతూ జీపెక్కాడు.

అంజమ్మ వచ్చి అతని చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. తెల్లవారుజామున పడిన వానకు రోడ్డు ఇంకా తడి ఆరలేదు.

“తడి రోడ్డు మీద పొడి అగ్గిపెట్టె దొరికిందా?”

బ్రహ్మం వంగి కట్టెను పొయ్యిలోకి తోశాడు.

“రోజుకెన్ని?”

“రెండే. ఒట్టు.”

“మల్ల ఒట్టేనా?” అని నవ్వింది అంజమ్మ.

నాలుగు తిట్టినా బాగుండేది. ఆ నవ్వు చూడలేక బ్రహ్మం దొంగజేబులోంచి సిగరెట్ పెట్టె లాగి పొయ్యిలోకి విసిరికొట్టాడు. “ఇగ అయిపోయింది. ఈసారి ఒట్టు లేదు, ఏం లేదు. చేసి చూపిస్త!”

అంతలో ర్యాలీ రానే వచ్చింది. డప్పులు, ఈలలు, గాలిలో గులాల్. అంజమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. బ్రహ్మానికి ఒళ్లంతా తేలికైపోయింది, గంతులేద్దామనిపించింది.

గాలి మళ్లింది. పొగంతా అంజమ్మ మొహం మీదికి తిరిగింది.

“పొగల నిలబడకు, ఇటు రా!” బ్రహ్మం ఆమెను పక్కకు లాగాడు. “విసరనీకి ఏమన్న ఉంటే ఇయ్యుండ్రి!”

హనుమాయమ్మ అంజమ్మ సంచిలో చెయ్యి పెట్టి పెద్ద కవరొకటి అందించింది. “ఇదుందండీ, ఎక్స్‌రే. ఇటునుంచి ఇటే పెద్ద డాక్టరుకు చూపించాలటగా, జాగ్రత్త, కాలనివ్వకండి.”

బ్రహ్మం ఆ కవరుతో బలమంతా పెట్టి విసిరాడు. “జై తెలంగాణ!” అంటూ, నవ్వుతూ, పొగను అవతలికి తరిమాడు. విసిరిన ప్రతిసారీ కవరు మీద నల్ల సిరాతో రాసిన పేరు కళ్ల ముందు ఆడింది.

ఆ పేరు అంజమ్మది.